బండి మారే చోటు



హిందూపురం నుంచి బెంగుళూరు ఎంత దూరం అని ఎవరైనా అడిగితే, 100 కిలోమీటర్లు అని తడుముకోకుండా చెప్తాం. పెనుకొండ వాళ్లు దానికి ఇంకో 35, 40 కలుపుకుంటారు. ధర్మవరం వాళ్లకి 180 దాకా పడుతుంది. ఈ లెక్కలో తప్పేమీ లేదు. కానీ ఈ లెక్క ఒక సంగతి చెప్పదు. దారిలో ఎన్నిసార్లు దిగాలో, ఎన్నిసార్లు ఎక్కాలో చెప్పదు. ఒకే బండిలో కూర్చుని పోయే 100 కిలోమీటర్లు వేరు. మధ్యలో రెండుసార్లు సామాను దించుకుని, ఇంకో బండికోసం నిలబడి పోయే 100 కిలోమీటర్లు వేరు.

ఈ పూట నేను మీకు చెప్పదలుచుకున్నది ఒక్కటే మాట. ప్రయాణాన్ని మైళ్లతో మాత్రమే కొలవొద్దు. మార్పులతో కూడా కొలవండి. ఎన్ని కిలోమీటర్లు అని అడిగాక, ఎన్నిసార్లు బండి మారాలి అని కూడా అడగండి.

ఈ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం స్టేషన్ల చరిత్ర చూస్తే చాలు. నూట ముప్ఫై ఏళ్లుగా ఈ దారిలో బండి మారే చోటు ఒక ఊరినుంచి ఇంకో ఊరికి జరుగుతూ వస్తోంది. మొదట్లో గుంతకల్లులో ఉండేది. తర్వాత ధర్మవరానికి వచ్చింది. ఇప్పుడది బెంగుళూరు మెజెస్టిక్‌లో, భూమి కింద ఉంది. మన మూడు ఊళ్లలో భూమి కింద స్టేషను ఒక్కటీ లేదు. అయినా మన ఊళ్లవాళ్లు రోజూ ఆ భూమి కింది స్టేషన్లో దిగుతున్నారు, ఎక్కుతున్నారు. కాబట్టి దాని కథ కూడా మన రైలు కథలో భాగమే.

ముందు రైలు రాకముందు సంగతి చెప్తాను.

1871 నాటికి మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలు దారి పూర్తయింది. రాయచూరులో అది బొంబాయి నుంచి వచ్చే దారితో కలిసింది. ఆ దారి కడప, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా పోయింది. అంటే మన ప్రాంతానికి ఉత్తరం కొసను తాకుతూ పోయింది. ధర్మవరానికి రైలు లేదు. పెనుకొండకి లేదు. హిందూపురానికి లేదు.

అయిదేళ్లు తిరిగేసరికే, 1876లో, కరువు పడింది. 1878 దాకా పీడించింది. రాయలసీమ చూసిన మహా కరువుల్లో అది ఒకటి. ధాన్యం అసలు రాలేదా అంటే, వచ్చింది. ఓడల్లో మద్రాసు రేవుకి వచ్చింది. అక్కడ రైలెక్కింది. గుత్తి, ఆదోని లాంటి స్టేషన్ల దాకా వచ్చింది. అక్కడినుంచి కదలడమే కష్టమయింది. ఎందుకంటే అక్కడినుంచి లోపలి పల్లెలకి ఎద్దులబండే గతి. కరువులో ఎద్దుకి మేత ఎక్కడిది? తాగడానికి నీళ్లెక్కడివి? బండి లాగే ఎద్దులే డొక్కలెండి పడిపోతుంటే, బస్తాలు ఎవరు లాగుతారు?

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. మద్రాసు నుంచి గుత్తికి 400 కిలోమీటర్లు. గుత్తి నుంచి పెనుకొండకి 120 కిలోమీటర్ల పైచిలుకు. పెద్ద దూరాన్ని గింజ సులువుగా దాటింది. బండి మారాల్సిన చోట ఇరుక్కుపోయింది. ఆకలితో ఉన్నవాడికి ఆ 400 కిలోమీటర్లు అడ్డం కాలేదు. ఆ ఒక్క మార్పే అడ్డమయింది.

ఈ పాఠం ప్రభుత్వానికి కూడా తగిలింది. 1880లో కరువు కమిషను నివేదిక ఇచ్చింది. కరువు ప్రాంతాలకి రైలు దార్లు వేయాలని అందులో గట్టిగా చెప్పింది. 1882లో సదరన్ మరాఠా రైల్వే అనే కంపెనీ పుట్టింది. అదే ఏడాది బళ్లారి జిల్లాలోంచి కొంత భాగాన్ని విడదీసి అనంతపురం జిల్లా చేశారు. ఆ కొత్త జిల్లా గుండా, గుంతకల్లు నుంచి దక్షిణంగా, మైసూరు సంస్థానం సరిహద్దు దాకా ఒక లైను వేశారు. దాని పేరు గుంతకల్లు–మైసూరు ఫ్రాంటియర్ రైల్వే. పొడవు 119 మైళ్లు. 1893 నాటికి బండ్లు నడిచాయి. అనంతపురం, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, ఇవన్నీ ఆ దారి మీది స్టేషన్లే. పేరులో ఉన్న ఫ్రాంటియర్, అంటే సరిహద్దు, హిందూపురం దాటగానే వచ్చేది. ఆ అవతల గౌరీబిదనూరు, దొడ్డబళ్లాపురం, యశ్వంతపురం. అదంతా మైసూరు సంస్థానం.

దాదాపు అదే కాలంలో, 1890ల మొదట్లో, పాకాల నుంచి మదనపల్లె రోడ్డు, కదిరి మీదుగా ఇంకో లైను ధర్మవరానికి వచ్చి చేరింది. అది వేసింది వేరే కంపెనీ, సౌత్ ఇండియన్ రైల్వే. పాకాల–ధర్మవరం లైను పొడవు 142 మైళ్లు. అలా ధర్మవరం జంక్షను అయింది. చెరువు కింద వరి పండించుకుంటూ, మగ్గం మీద పట్టు నేసుకుంటూ ఉన్న ఊరికి మూడు దిక్కుల దార్లు వచ్చాయి. ఒకటి గుంతకల్లుకి. ఒకటి బెంగుళూరుకి. ఒకటి తిరుపతి వైపుకి.

మరి అప్పుడు బండి మారే చోటు ఎక్కడ? గుంతకల్లులో. ఎందుకో చెప్పాలంటే గేజి గురించి చెప్పాలి.

గేజి అంటే రెండు పట్టాల మధ్య ఎడం. మద్రాసు–రాయచూరు దారి బ్రాడ్‌గేజి. ఆ ఎడం అయిదున్నర అడుగులు. మిల్లీమీటర్లలో 1676. మన ధర్మవరం, హిందూపురం దారి మీటరుగేజి. పేరు చెప్పినట్టే ఒక మీటరు. అంటే మూడు అడుగుల మీద మూడు అంగుళాల చిల్లర. లార్డ్ మేయో వైస్రాయిగా ఉన్న రోజుల్లో, 1870లో, ఈ మీటరుగేజికి ప్రభుత్వం ఒప్పుకుంది. కారణం ఖర్చు. పట్టాలు దగ్గరగా ఉంటే కట్ట సన్నగా పోస్తే చాలు. వంతెన చిన్నది చాలు. ఇంజను చిన్నది, పెట్టె చిన్నది. రాబడి తక్కువగా ఉండే మెట్ట ప్రాంతాలకి చవకగా రైలు రావాలంటే అదే దారి అనుకున్నారు. అది లేకపోతే మన ఊళ్లకి రైలు ఇంకా ఎన్నేళ్లకి వచ్చేదో.

కానీ చవకగా వచ్చినదానికి వేరే వెల ఉంటుంది. బ్రాడ్‌గేజి పెట్టె మీటరుగేజి మీద నడవదు. మీటరుగేజి పెట్టె బ్రాడ్‌గేజి మీద నడవదు. రెండూ కలిసే స్టేషన్లో సరుకంతా దించాలి, మళ్లీ ఎక్కించాలి. మన ఇళ్లల్లో శెనక్కాయల నూనె ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఒంపుతాం కదా. ఎంత జాగ్రత్తగా ఒంపినా, ప్రతి ఒంపుకీ కాస్త నూనె పాత గిన్నెకి అంటుకునే ఉంటుంది. సరుకు కూడా అంతే. ప్రతి మార్పుకీ కొంత తరుగు. కొంత డబ్బు, కొంత కాలం, కొంత సరుకు.

గేజి మారే స్టేషన్లలో దీనికోసం ఒక షెడ్డు ఉండేది. మధ్యలో ఒక అరుగు. అరుగుకి ఒక పక్క పెద్ద లైను. ఇంకో పక్క చిన్న లైను. ఈ పక్క పెట్టెలోంచి హమాలీ బస్తా భుజానికెత్తుకుని ఆ పక్క పెట్టెలో వేయాలి. పెద్ద పెట్టెలో పట్టిన సరుకు చిన్న పెట్టెలో పట్టదు. కాబట్టి ఒక పెట్టె సరుకుని రెండు పెట్టెలకి సర్దాలి. చిన్న పెట్టెలు ఆ రోజు దొరక్కపోతే సరుకు అక్కడే పడి ఉంటుంది. వాన వస్తే తడుస్తుంది. గోనె చిరిగితే కారుతుంది.

ఇప్పుడు దీన్ని మన ఊళ్లకి అన్వయించి చూడండి. హిందూపురం బెల్లానికీ, చింతపండుకీ, మిరపకాయలకీ పేరున్న సంత. ఆ బెల్లం బెంగుళూరు వైపు పోతే దారిలో మార్పు లేదు. ఒకే మీటరుగేజి. పెట్టెలో వేసి తలుపేస్తే యశ్వంతపురంలో తీయొచ్చు. అదే బెల్లం రాయచూరు వైపు పోవాలంటే గుంతకల్లులో దిగి ఎక్కాల్సిందే. ధర్మవరం చీరకి జరీ సూరత్ నుంచి వస్తుంది. ఆ జరీ బొంబాయి, రాయచూరు దారిన వస్తే అదీ గుంతకల్లులో చేతులు మారాల్సిందే. కర్ణాటక నుంచి వచ్చే పట్టునూలుకి ఆ బాధ లేదు. హిందూపురం బేరాలు ఎప్పుడూ దక్షిణంగా బెంగుళూరు వైపు మొగ్గుతాయని అంటుంటాం. దగ్గర కాబట్టి అంటాం. నిజమే. దానికి తోడు, అటు వెళ్లే దారిలో మార్పు లేదు. ఇది కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇంకో సంగతి గమనించండి. ధర్మవరంలో రెండు కంపెనీల లైన్లు కలిశాయి అన్నాను కదా. రెండు కంపెనీలైనా గేజి ఒకటే. కాబట్టి హిందూపురంలో ఎక్కించిన పెట్టె ధర్మవరంలో ఇంజను మార్చుకుని కదిరి మీదుగా పాకాల దాకా పోగలదు. సరుకు దించక్కర్లేదు. మనుషులు బండి మారాల్సి వచ్చినా అది టైంటేబుల్ సంగతి. టైంటేబుల్ రేపు మార్చుకోవచ్చు. గేజి తేడా అలా కాదు. నేలలో దిగిపోయి ఉంటుంది. దాన్ని మార్చాలంటే దారంతా తవ్వి మళ్లీ వేయాలి.

1908లో సదరన్ మరాఠా, మద్రాసు రైల్వేలు కలిసి ఎం అండ్ ఎస్ ఎం అయ్యాయి. 1951లో అది, సౌత్ ఇండియన్, మైసూరు రైల్వేలు కలిసి దక్షిణ రైల్వే అయ్యాయి. టిక్కెట్టు మీద పేరు మారింది. గుంతకల్లు షెడ్డులో హమాలీ భుజం మీది బస్తా మాత్రం మారలేదు. యజమాని ఒక్కడే అయినంత మాత్రాన మార్పు తప్పదు. దారి ఒక్కటయితేనే తప్పుతుంది.

దారి ఒక్కటవడం 1980లలో మొదలయింది. బెంగుళూరు నుంచి హిందూపురం, పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా బ్రాడ్‌గేజి వచ్చింది. ఆ కట్ట మీద ఢిల్లీ బండ్లు, బొంబాయి బండ్లు నడిచాయి. హిందూపురంలో ఎక్కి, దిగకుండా ఉత్తరాదికి పోయే రోజు వచ్చింది. బెంగుళూరుకీ ఉత్తరాదికీ మధ్య ఇది పెద్ద దారి అయింది.

అయితే మార్పు మాయమయిందా? లేదు. ధర్మవరానికి జరిగింది. ఎందుకంటే పాకాల లైను ఇంకా మీటరుగేజిగానే ఉంది. నిన్నటిదాకా కదిరికి తలుపు తీయకుండా పోయిన పెట్టె, ఇప్పుడు ధర్మవరంలో ఆగిపోయింది. హిందూపురం, పెనుకొండ వాళ్లు కదిరి రథోత్సవానికి రైల్లో పోవాలంటే ధర్మవరంలో పెద్ద బండి దిగి చిన్న బండి ఎక్కాల్సి వచ్చింది. పెద్ద దారి మీద ఉన్న ఊళ్లు ముందుకి పోయాయి. చిన్న దారి మీద మిగిలిన ఊళ్లు, దూరం ఒక్క మైలు కూడా పెరక్కుండానే, ఇంకా దూరమయ్యాయి.

ఈ మాట మళ్లీ చెప్తాను. మైలు పెరక్కుండానే ఊరు దూరం కావచ్చు. మధ్యలో ఒక మార్పు పెరిగితే చాలు.

1992లో దేశమంతా ఒకే గేజి చేయాలని రైల్వే ఒక పెద్ద పథకం పెట్టుకుంది. మన పాకాల లైనుకి ఆ వంతు రావడానికి చాలా కాలం పట్టింది. 2010కి గానీ ఆ దారి బ్రాడ్‌గేజి కాలేదు. ఆ తర్వాత ధర్మవరంలో గేజి మార్పు లేకుండా పోయింది. ఇప్పుడు ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడితే పట్టాలన్నీ ఒకే ఎడంతో కనపడతాయి. ఒకప్పుడు ఇక్కడ రెండు రకాల రైళ్లు ఎదురుబొదురుగా నిలబడేవని పిల్లలకి మనం చెప్తే తప్ప తెలీదు.

ఈ లోపల పెనుకొండ పక్కన ఇంకో కథ నడిచింది. పుట్టపర్తికి రైలు ఉండేది కాదు. సత్యసాయి బాబాని చూడ్డానికి దేశదేశాలనుంచి వచ్చే భక్తులు ధర్మవరంలోనో, పెనుకొండలోనో, హిందూపురంలోనో దిగి బస్సో, జట్కానో, టాక్సీయో చూసుకునేవాళ్లు. వేల మైళ్లు వచ్చినవాళ్లకి ఆ చివరి మార్పే అలసట. 2000 నవంబరులో శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం స్టేషను తెరిచారు. పెనుకొండకీ ధర్మవరానికీ మధ్య పుట్టపర్తి మీదుగా కొత్త లైను వచ్చింది. ఆ దారిలో కొండను తొలిచి సొరంగం వేశారు. మన ప్రాంతపు రైలు భూమి కిందికి దూరేది అక్కడే. దాంతో పెనుకొండ, ధర్మవరం మధ్య రెండు దార్లయ్యాయి. ఒకటి పాత నేరు దారి. ఇంకొకటి పుట్టపర్తి చుట్టుదారి. చుట్టుదారిలో కిలోమీటర్లు ఎక్కువ. అయినా పుట్టపర్తి వాళ్లకి అదే దగ్గర దారి. ఎందుకంటే మార్పు తగ్గింది.

పెనుకొండ గురించి ఇంకో మాట. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని మార్చుకుని వచ్చిన ఊరు అది. ఇవాళ అక్కడి గూడ్స్ షెడ్డులో కార్లు రైలెక్కుతున్నాయి. పక్కనే ఎర్రమంచి దగ్గర కియా కర్మాగారం ఉంది. 2019లో అక్కడ కార్ల తయారీ మొదలయింది. కార్లని మోసే రైలు పెట్టెల్లో ఒక రకం ఉంది. అవి కొత్తవి కావు. వయసు మళ్లిన ప్యాసింజరు పెట్టెలు. వాటి సీట్లు పీకేసి, కిటికీలు మూసేసి, కొసన తలుపులు పెడతారు. కారు ఒక కొసనుంచి లోపలికి నడుచుకుంటూ పోతుంది. ఢిల్లీ వైపు ఎక్కడో ఆ కొసనుంచి నడుచుకుంటూ దిగుతుంది. మధ్యలో ఎవరూ ముట్టుకోరు. గుంతకల్లు షెడ్డు రోజులే ఉండి ఉంటే ఇది సాగేదా? ఒక్కో కారునీ పెద్ద పెట్టెలోంచి చిన్న పెట్టెలోకి మార్చే పనే అయితే ఆ బేరం రైలు దాకా వచ్చేదే కాదు. రాజధాని దారి మార్చుకుని వచ్చిన ఊరికి, దారి మారకుండా పోయే రైలు ఇప్పుడు అన్నం పెడుతోంది.

ఇక భూమి కిందికి పోదాం.

మన బండి బెంగుళూరు పెద్ద స్టేషను చేరింది. ఇప్పుడు ఆ స్టేషన్‌కి సంగొళ్లి రాయన్న పేరు. ఎదురుగా మెజెస్టిక్ బస్టాండు. ఆ బస్టాండు ఉన్న చోట ఒకప్పుడు ధర్మాంబుధి అనే చెరువు ఉండేది. చెరువు ఎండింది. మైదానం అయింది. తర్వాత బస్టాండు అయింది. దాన్ని ఆనుకునే నేల తవ్వి మెట్రో స్టేషను కట్టారు. పైనుంచి పెద్ద గొయ్యి తవ్వి స్టేషను కట్టడం ఒక పని. స్టేషన్ల మధ్య సొరంగం తొలవడం ఇంకో పని. సొరంగం తొలిచే యంత్రాల్లో కొన్నిటికి నదుల పేర్లు పెట్టారు. చిక్‌పేట నుంచి మెజెస్టిక్ వైపు తొలిచిన యంత్రం పేరు గోదావరి. బెంగుళూరు నేలలో ఒక చోట మెత్తటి మన్ను, పక్కనే గట్టి బండ. ఆ రెండింటి మధ్య గోదావరి చాలా కాలం ఇరుక్కుంది.

2016 ఏప్రిల్ చివర్లో తూర్పు–పడమర లైను భూమి కింది భాగం తెరిచారు. దాన్ని పర్పుల్ లైను అంటున్నారు. దక్షిణ భారతంలో భూమి కింద నడిచిన మొదటి మెట్రో దారి అదే. 2017 జూన్‌లో ఉత్తర–దక్షిణ లైను భూమి కింది భాగం కూడా కలిసింది. అది గ్రీన్ లైను. రెండు లైన్లూ మెజెస్టిక్‌లో, వేర్వేరు అంతస్తుల్లో, ఒకదాన్ని ఒకటి దాటుతాయి. కాబట్టి మెజెస్టిక్ కట్టిందే బండి మారడానికి.

మరి హిందూపురం బండిని నేరుగా ఆ సొరంగంలోకి నడిపించొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. కుదరదు. మళ్లీ అదే పాత శత్రువు, గేజి. మన రైలు 1676 మిల్లీమీటర్లు. బెంగుళూరు మెట్రో 1435. అంటే నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. కరెంటు కూడా వేరు. మన రైలుకి పైన తీగలోంచి 25,000 వోల్టులు. అక్కడి మెట్రోకి పట్టాల పక్కనే వేసిన మూడో పట్టాలోంచి 750 వోల్టులు. గుంతకల్లులో పోయిన మార్పు, ధర్మవరంలో పోయిన మార్పు, బెంగుళూరులో కొత్త రూపంలో వచ్చి కూర్చుంది.

అసలు భూమి కింద రైలు పుట్టిందే ఈ బాధ తీర్చడానికి. 1863 జనవరిలో లండన్లో ప్రపంచంలో మొదటి భూగర్భ రైలు నడిచింది. ఆ ఊరికి వచ్చే దూరపు రైళ్లలో చాలా భాగం ఊరి అంచుల్లోనే ఆగేవి. పాడింగ్టన్‌లో కొన్ని, యూస్టన్‌లో కొన్ని, కింగ్స్ క్రాస్‌లో కొన్ని. అక్కడినుంచి ఊరి నడుమకి గుర్రబ్బండ్లతో వీధులు కిక్కిరిసేవి. ఆ స్టేషన్లని కలుపుతూ నేల కింద దారి వేశారు. అక్కడ కూడా రెండు గేజిల తగువు ఉండేది. అందుకని మొదట్లో ఆ సొరంగంలో రెండు రకాల బండ్లూ నడిచేలా పట్టాలు వేశారు. మన దేశంలో 1984లో కలకత్తాలో మొదటి భూగర్భ మెట్రో వచ్చింది. అది బ్రాడ్‌గేజి మీదే వచ్చింది. తర్వాత బెంగుళూరు, హైదరాబాదు లాంటి ఊళ్లు 1435 పట్టుకున్నాయి. హైదరాబాదు మెట్రో అయితే భూమి కిందికి దిగలేదు. స్తంభాల మీదే నడుస్తోంది.

సరే, చరిత్ర విన్నాం. దీంతో మనకేం ఉపయోగం? రండి, ఒక ప్రయాణాన్ని మార్పులతో లెక్కపెట్టి చూద్దాం.

ధర్మవరం నుంచి ఒకాయన చీరలు తీసుకుని బెంగుళూరు చిక్‌పేటకి పోవాలి. పెద్ద స్టేషన్లో దిగి, మెజెస్టిక్ దాకా నడవకుండా పోవాలంటే పర్పుల్ లైను ఎక్కాలి. ఒక్క స్టేషను పోయి మెజెస్టిక్‌లో దిగాలి. అక్కడ గ్రీన్ లైనుకి మారాలి. మళ్లీ ఒక్క స్టేషను. చిక్‌పేట. దూరం చాలా తక్కువ. కానీ మార్పులు రెండు. రైలునుంచి మెట్రోకి ఒకటి. మెట్రోనుంచి మెట్రోకి ఇంకొకటి.

ఇప్పుడు ఇంకో దారి చూడండి. ఆయన ఎక్కిన బండి యశ్వంతపురంలో ఆగుతుంది అనుకుందాం. అక్కడే దిగిపోతే? యశ్వంతపురం మెట్రో గ్రీన్ లైను మీదే ఉంది. ఎక్కితే నేరుగా చిక్‌పేటలోనే దిగొచ్చు. మెట్రోలో దూరం ఎక్కువ. స్టేషన్లు ఎక్కువ. కానీ మార్పు ఒక్కటే. చేతిలో సంచి ఉన్నవాళ్లకి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, పిల్లల్ని వెంటపెట్టుకున్నవాళ్లకి ఇదే సుఖం.

అలాగని యశ్వంతపురంలో దిగడమే ఎప్పుడూ మేలు అనుకోవద్దు. ఇంకొకరు వైట్‌ఫీల్డు పోవాలి. ఆ ఊరు పర్పుల్ లైను మీద ఉంది. ఆయన యశ్వంతపురంలో దిగితే గ్రీన్ లైను ఎక్కి, మెజెస్టిక్‌లో మారాలి. మార్పులు రెండవుతాయి. అదే పెద్ద స్టేషన్ దాకా పోయి దిగితే, పర్పుల్ లైను ఒక్కటే ఎక్కి నేరుగా పోవచ్చు. ఒకరికి మంచిదయిన చోటు ఇంకొకరికి చెడ్డది. చూడాల్సింది మీ గమ్యం ఏ లైను మీద ఉందన్నదే.

ఇంకో సందర్భం. పెద్ద మూటలతో పోతున్నారు. మెట్రోలో పెద్ద సామానుకి హద్దులున్నాయి. పైగా మెట్లు, తనిఖీ, గేటు. అప్పుడు పెద్ద స్టేషన్లో దిగి నేరుగా ఆటో మాట్లాడుకుంటే మార్పు ఒక్కటే. డబ్బు ఎక్కువవుతుంది. కానీ మూట ఒక్కసారే ఎత్తి దించుతారు. ఏది చవక అన్నది మీ చేతిలో ఉన్న సామానును బట్టి తేల్చుకోండి.

కాబట్టి ప్రయాణం పెట్టుకునేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎన్ని మార్పులు? ప్రతి మార్పు దగ్గరా ఎంత నడవాలి? అక్కడ బండి తప్పితే మళ్లీ ఎప్పుడు ఉంది? ఈ మూడో ప్రశ్న మర్చిపోవద్దు. మెట్రో తప్పితే కొన్ని నిమిషాల్లో ఇంకొకటి వస్తుంది. సాయంత్రం హిందూపురం వైపు వచ్చే మెము బండి తప్పితే మాత్రం చాలాసేపు కాచుకోవాలి. అందుకని తిరుగు ప్రయాణంలో జాగ్రత్త ఎక్కువ ఉండాలి. తరచుగా దొరికేదానినుంచి అరుదుగా దొరికేదానికి మారుతున్నాం కాబట్టి, చేతిలో కాలం ఉంచుకుని బయలుదేరాలి. పోయేటప్పుడు అంత తొందర అక్కర్లేదు.

ఇదంతా ఒక్కొక్కరి ప్రయాణం సంగతి. ఊరి సంగతి కూడా ఒక మాట చెప్పి ముగిస్తాను.

మనం రైల్వేకి అర్జీలు పెడుతుంటాం. కొత్త బండి కావాలి అంటాం. ఫలానా ఎక్స్‌ప్రెస్ మా స్టేషన్లో ఆపాలి అంటాం. అడగాల్సిందే. వాటితోపాటు మార్పుల గురించి కూడా అడగండి. తిరుపతి వైపునుంచి వచ్చే బండి ధర్మవరం చేరే సమయానికీ, హిందూపురం వైపు పోయే బండి బయలుదేరే సమయానికీ పొంతన ఉందా? రాత్రి ఆఖరి బండి దిగినవాళ్లకి స్టేషన్ బయట పల్లెబస్సు దొరుకుతుందా? ఒక ప్లాట్‌ఫారంనుంచి ఇంకోదానికి ముసలివాళ్లు దాటడానికి లిఫ్టు పనిచేస్తోందా? ఇవి చిన్న కోరికలు. కొత్త లైనుకయ్యే ఖర్చులో వీసమెత్తు కూడా కాదు. కానీ ఒక్కో పొంతన కుదిరితే, ఒక ఊరు ఇంకో ఊరికి దగ్గరవుతుంది. పట్టా ఒక్క అంగుళం జరపకుండానే దగ్గరవుతుంది.

అర్జీ ఎవరికి పెట్టాలో కూడా తెలుసుకోవాలి. హిందూపురం, పెనుకొండ స్టేషన్లు నైరుతి రైల్వేలో, బెంగుళూరు డివిజను కింద ఉన్నాయి. ఆ రైల్వే 2003లో ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం హుబ్బళ్లిలో ఉంది. ధర్మవరం మాత్రం గుంతకల్లు డివిజను. అంటే ఈ మూడు ఊళ్ల మధ్యే ఒక హద్దు ఉంది. ప్రయాణికుడికి అది కనపడదు. కానీ ధర్మవరంలో బండ్ల పొంతన కుదరాలంటే రెండు డివిజన్లూ మాట్లాడుకోవాలి. కాబట్టి పొంతన గురించి రాసే అర్జీ ఒక్కచోటికి పంపితే చాలదు. ఒకే కాగితాన్ని రెండు డివిజన్లకీ పంపండి. ధర్మవరం వాళ్లూ హిందూపురం వాళ్లూ కలిసి సంతకాలు పెట్టి పంపితే ఇంకా మంచిది.